పాలమూరు పెరట్లో వాక్కాయ పొద: నాటే రోజు నుంచి కోసే రోజు దాకా

మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల్లో కొత్తగా ఇల్లు కట్టుకుని, ప్రహరీ పక్కన మిగిలిన కొద్దిపాటి జాగాలో పండ్ల పొద ఏదైనా పెంచుదామనుకునేవారు ఈ మధ్య రాస్ప్‌బెర్రీ మొక్క గురించి అడుగుతున్నారు. ఆ మొక్క పుట్టిల్లు చలిప్రదేశం. దాని వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది కానీ, నేలలోంచి పైకి వచ్చే కాడకు రెండేళ్లే ఆయుష్షు. చాలా రకాల్లో ఆ కాడ మొదటి ఏడు ఆకులతో ఎదిగి, చలికాలమంతా నిద్రపోయి, రెండో ఏడు పూసి కాసి ఎండిపోతుంది. ఆ నిద్ర పూర్తి కావాలంటే 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన వందల గంటల చలి తగలాలి. పేరున్న చాలా రకాలకు 800 గంటలకు పైనే కావాలి. మన దగ్గర పుష్యమాసపు రాత్రుల్లో కూడా అంత చలి పోగుపడదు. పైగా ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఎండకు దాని లేత ఆకు మాడిపోతుంది. రాస్ప్‌బెర్రీని మహాబలేశ్వరం వంటి కొండ ఊళ్లకు వదిలేసి, మన ఎర్రనేలకు ఎప్పటినుంచో అలవాటైన వాక్కాయను పెంచుకోవడం మేలని నా అనుభవంతో చెబుతున్నాను. ముళ్ల పొద, గుత్తులుగా కాసే పుల్లని చిన్న పండు, కంచెగానూ పనికొచ్చే గుణం, ఇవన్నీ ఇందులోనూ ఉన్నాయి.

మన గుట్టల్లో, నల్లమల అంచుల్లో దొరికే చిన్న కలివికాయ, కలేపండు దీనికి దగ్గరి చుట్టాలు. పెరట్లో పెంచే వాక్కాయకు కాయ పెద్దది, కండ ఎక్కువ. ఇది గన్నేరు కుటుంబానికి చెందిన మొక్క కాబట్టి కొమ్మ విరిచినా, పచ్చికాయ కోసినా తెల్లని పాలు కారతాయి. ఆకు దట్టంగా, మెరుస్తూ ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. పూలు సన్నజాజిని పోలి తెల్లగా, కమ్మని వాసనతో ఉంటాయి. మన ప్రాంతంలో మాఘ, ఫాల్గుణ మాసాల్లో పూత మొదలై, ఎండాకాలంలో కాయ ఎదిగి, ఆషాఢ, శ్రావణ మాసాల్లో కోతకు వస్తుంది. స్వేచ్ఛగా వదిలేస్తే పది అడుగుల ఎత్తు దాకా ఎదుగుతుంది కానీ ఇంటి పెరట్లో అయిదారు అడుగుల దగ్గర నిలపడమే అన్ని విధాలా అనువు.

కుటుంబం పేరు చెప్పాను కాబట్టి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. మన ఇళ్ల ముందు పూజకోసం పెంచే పచ్చగన్నేరు కూడా ఇదే కుటుంబానిది. దాని కాయ, ముఖ్యంగా అందులోని గింజ, ప్రాణం తీసేంత విషం. అది కూడా ముందు ఆకుపచ్చగా ఉండి, ముదిరాక నల్లబడుతుంది. పెరట్లో ఒక పొద కాయలు కోసుకుని తినవచ్చని పిల్లలకు అలవాటు చేసినప్పుడు, పక్కనే ఉన్న మరో చెట్టు నల్లకాయను కూడా వాళ్లు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో వాక్కాయ నాటదలచుకుంటే, పచ్చగన్నేరును ముందుగా తీసివేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

మొక్క ఎంచుకోవడం

నర్సరీల్లో దొరికే వాక్కాయ మొక్కల్లో ఎక్కువ భాగం గింజతో మొలిపించినవే. గింజ మొక్క తల్లిలాగే కాస్తుందన్న హామీ లేదు. ఒకే గుత్తి గింజల నుంచి వచ్చిన మొక్కల్లోనే ఒకదానికి పెద్ద కాయ, మరొకదానికి చిన్న కాయ రావచ్చు. కంచె కోసమైతే దీనితో ఇబ్బంది లేదు. కాయ కోసం ఒకటి రెండు పొదలే పెట్టుకునేవారు మాత్రం గాలి అంటు మొక్క కావాలని అడిగి తీసుకోవడం మంచిది. అంటు మొక్క రెండో ఏడే పూతకు వస్తుంది, గింజ మొక్కకు సాధారణంగా మూడో ఏడు పడుతుంది. పేరున్న రకాల్లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ ముఖ్యమైనవి. మొదటి రెండింటి కాయ తెలుపు మీద గులాబీ రంగు అద్దినట్టు ఉంటుంది, మూడోదాని కాయ ఆకుపచ్చ మీద ముదురు గోధుమ రంగు. కొంకణ్ బోల్డ్ పెద్ద కాయకు పేరు పొందింది. పేరుగల రకం దొరకకపోతే నిరాశపడనక్కరలేదు. బాగా కాసే పొద తెలిసినవారి ఇంట్లో ఉంటే, వానాకాలంలో దానికి అంటు కట్టించుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి, ఎందుకంటే ఆ కాయను మీరు ముందే చూసి, రుచి కూడా చూసి ఉంటారు.

అంటు కట్టడం కష్టం కాదు. మృగశిర కార్తె దాటి వానలు కుదురుకున్నాక, పెన్సిల్ మందం ఉన్న, ఏడాది వయసు కొమ్మను చూసుకుని, అంగుళం వెడల్పున చుట్టూ బెరడు తీసివేయాలి. కారే పాలను తడిగుడ్డతో తుడిచి, పాలు ఆగేదాకా కాసేపు వదిలేయాలి. ఆ తర్వాత తడిపి పిండిన నాచు గానీ కొబ్బరిపొట్టు గానీ చుట్టూ ముద్దగా పెట్టి, పాలిథిన్ కాగితంతో చుట్టి, రెండు చివరలా గట్టిగా కట్టాలి. రెండు మూడు నెలల్లో కాగితంలోంచి వేళ్లు కనబడతాయి. అప్పుడు కొమ్మను కింది నుంచి కోసి, సంచిలో నాటి, నీడలో కోలుకోనిచ్చి, మరుసటి వానాకాలంలో నేలలో పెట్టుకోవచ్చు. కొమ్మ ముక్కలు మట్టిలో గుచ్చితే వేళ్లు వస్తాయా అని అడుగుతుంటారు. కొన్ని వస్తాయి, ఎక్కువ ఎండిపోతాయి, కాబట్టి నేను ఆ దారి సూచించను.

గుంత, నేల, చోటు

వాక్కాయ చెల్క నేలలోనూ, దుబ్బలోనూ, రాళ్లు కలిసిన మొరం నేలలోనూ, కొంత చౌడు ఉన్న నేలలోనూ బతుకుతుంది. దానికి గిట్టనిది వేరు దగ్గర నీరు నిలవడం ఒక్కటే. నల్లగొండ, పాలమూరు పట్టణాల ఇళ్లలో వచ్చే చిక్కు ఏమిటంటే, పైన అడుగు మందం ఎర్రమట్టి ఉన్నా, ఇల్లు కట్టేటప్పుడు నింపిన మొరం, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు కింద గట్టిగా దిమ్మెసై ఉంటాయి. అలాంటి చోట రెండడుగుల గుంత తవ్వితే అది మొక్కకు తొట్టి అవుతుంది తప్ప నేల కాదు. వానాకాలంలో నీరు దిగక వేరు కుళ్లిపోతుంది. అందుకే మే నెలలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి, దాన్ని సాయంత్రం నీటితో నింపి చూడాలి. తెల్లారేసరికి నీరు ఇంకిపోతే ఆ చోటు పనికొస్తుంది. ఇంకకపోతే గడ్డపారతో అడుగును మరో అడుగు పగలగొట్టి చూడాలి. అప్పటికీ నిలిస్తే గుంత మానేసి, నేలపైన అడుగున్నర ఎత్తున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి. నల్లరేగడి ఉన్నవారు పరీక్షతో పని లేకుండా దిబ్బ మీదే నాటుకోవడం మంచిది.

తవ్విన గుంతను రోహిణి కార్తె ఎండకు పది పదిహేను రోజులు వదిలేయాలి. రోళ్లు పగిలే ఆ ఎండకు మట్టిలోని చాలా పురుగులు, వాటి గుడ్లు చనిపోతాయి. తరువాత పైమట్టిలో బాగా మాగిన పశువుల పెంట పది కిలోలు, వేపపిండి అర కిలో కలిపి గుంత నింపాలి. చెదలు ఉన్న నేలలో వేపపిండిని మానవద్దు. మొదటి వానతో తొందరపడకుండా, రెండు మూడు మంచి వానలు పడి మట్టి లోపలి దాకా తడిసిన తర్వాత నాటితే, మొక్క వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. సంచి చింపేటప్పుడు వేళ్లు గుండ్రంగా చుట్టుకుని కనిపిస్తే, వాటిని చేతివేళ్లతో మెల్లగా విడదీసి పెట్టాలి. చుట్ట అలాగే ఉండిపోతే మొక్క ఏళ్లు గడిచినా కుదురుకోదు.

చోటు విషయానికొస్తే, రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ తగలాలి. నీడలో ఆకు బాగానే పెరుగుతుంది, కాయ మాత్రం రాదు. ఒంటరి పొద అయితే ప్రహరీకి నాలుగడుగుల దూరం ఉంచాలి, లేకపోతే గోడవైపు కాసిన కాయ కోయడానికి ముళ్లలో చెయ్యి పెట్టవలసి వస్తుంది. ముళ్లు 2 నుంచి 5 సెంటీమీటర్ల పొడవుండి, కణుపు దగ్గర జంటగా ఉంటాయి కాబట్టి నడిచే దారికి, పిల్లలు ఆడే చోటుకు దూరంగా ఉంచాలి. రెండు పొదల మధ్య ఎనిమిది అడుగులు ఉండాలి, కంచెకైతే మూడడుగులకు ఒకటి చాలు.

నీళ్లు పోయడంలో మెలకువ

మొదటి రెండు ఎండాకాలాలు దాటించడమే అసలు పని. ఆ రెండేళ్లు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి బకెట్టు నీళ్లు పోయాలి. మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు గానీ, ఎండిన ఆకు గానీ నాలుగంగుళాల మందం పరిచి, కాండాన్ని తాకకుండా చెయ్యెడం వదిలితే తడి నిలుస్తుంది. రోజూ చెంబుడు పోసే అలవాటు మంచిది కాదు. పైమట్టి తడిసినట్టు కనిపిస్తుంది కానీ వేరు కిందికి దిగదు. అలా పెరిగిన పొద, ఇంటివాళ్లు పది రోజులు ఊరికి వెళితే వడలిపోతుంది.

మూడో ఏడు నుంచి నీటి లెక్క మారుతుంది. వానలు వెనక్కి తగ్గాక, కార్తీకం నుంచి పుష్యం దాకా నీళ్లు బాగా తగ్గించాలి. ఆకు మరీ ముడుచుకుంటే తప్ప పోయనక్కరలేదు. ఆ కాలంలో నీళ్లు, ఎరువు విరివిగా ఇచ్చిన పొద కొత్త ఆకు వేసుకుంటూ పోతుంది, పూత ఆలస్యమవుతుంది, పలచబడుతుంది. మొగ్గ కనిపించిన తర్వాత వారం పది రోజులకోసారి నిండుగా తడపాలి. పిందె దశలో నేల ఒక్కసారి ఎండి, మళ్లీ ఒక్కసారి తడిస్తే కాయ రాలుతుంది. నీళ్లు లేకపోయినా చచ్చే మొక్క కాదని ఎండాకాలంలో వదిలేసేవాళ్లు ఉన్నారు. అది నిజమే, పొద చావదు, కానీ కాయ శనగగింజంత దగ్గరే ఆగిపోతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువున్న ఊళ్లలో మొదలు చుట్టూ తెల్లని పొర కడుతుంది. వాక్కాయ దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. అయినా వానాకాలంలో ఇంటి పైకప్పు నీరు పొద మొదట్లోకి ఒకటి రెండుసార్లు పారేలా గాడి తీస్తే ఆ ఉప్పు కిందికి కడిగేసుకుపోతుంది.

కత్తెర ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు పట్టకూడదు

మా ఇంట్లో పొదకు నాలుగో ఏడు కాయే రాలేదు. ముందు ఏడు మూడు కిలోలకు పైగా కాసిన పొద అది. నీళ్లు తక్కువయ్యాయని, నేల బలం తగ్గిందని రకరకాలుగా ఆలోచించి, పెంట వేసి చూశాను. అసలు కారణం తెలిసింది మరుసటి ఏడు: సంక్రాంతికి ఇల్లు, వాకిలి శుభ్రం చేసేటప్పుడు పొదను కూడా చుట్టూ గుండ్రంగా, అందంగా కత్తిరించాను. వాక్కాయ పూత కొమ్మ చివరల్లో గుత్తులుగా వస్తుంది. పూతకు ముందు చివరలన్నీ కోసేస్తే, ఆ ఏడాది పూయవలసిన చోటే పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక కాయ పోగొట్టుకునే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మిగతా పనుల్లో కొంత ఆలస్యమైనా పొద సర్దుకుంటుంది కానీ, ఇందులో తప్పితే ఏడాది ఆగవలసిందే.

కాబట్టి కత్తిరింపు పని కోత ముగిసిన వెంటనే, భాద్రపదంలో పూర్తి కావాలి. అప్పుడు కోస్తే మిగిలిన వానలకు కొత్త చిగుళ్లు వచ్చి, చలికాలానికి ముదిరి, మాఘంలో పూయడానికి సిద్ధంగా ఉంటాయి. మొదట ఎండిన కొమ్మలు, తర్వాత ఒకదానికొకటి ఒరుసుకునే కొమ్మలు, ఆ తర్వాత మొదట్లోంచి నిటారుగా, కొరడాల్లా లేచే బలిసిన చిగుళ్లు తీసివేయాలి. పొద నడుమ గాలి ఆడేలా, చెయ్యి పట్టేంత ఖాళీ ఏర్పడితే చాలు. చివరలను అర అడుగుకు మించి కోయవద్దు. అయిదారేళ్లు దాటి లోపలంతా కర్రగా మారి, బయటి అంచున మాత్రమే కాస్తున్న పొదకు ఏటా ఒకటి రెండు పాత కొమ్మలను నేలకు అడుగు ఎత్తున కోసి కొత్త కొమ్మను రానివ్వాలి. మొత్తం పొదను ఒకేసారి నరికితే ఒకటి రెండేళ్లు కాయ ఉండదు.

లేత మొక్కకు వేరే పద్ధతి. నాటిన మొదటి ఏడు ఒకటిన్నర అడుగు ఎత్తులో చివర తుంచితే కింది నుంచి పక్కకొమ్మలు వస్తాయి. వాటిలో నాలుగు దిక్కులకు సాగే మూడు నాలుగు ఉంచి, మిగిలినవి తీసేయాలి. కంచె కోసం నాటినవాటిలో అన్నీ ఉంచి, మరింత కిందికి తుంచాలి. కంచె గుబురుగా ఉండాలని ఏడాదికి మూడుసార్లు కత్తిరించేవారు దాని నుంచి కాయ ఆశించకూడదు. రెండూ కావాలనుకుంటే, వీధివైపు ముఖాన్ని మాత్రం కత్తిరించి, ఇంటివైపు ముఖాన్ని కాయకు వదిలివేయడం నేను పాటిస్తున్న పద్ధతి, అది బాగానే నడుస్తోంది.

కోసిన రోజే ముళ్లకొమ్మలను ఏరి తీసివేయాలి. ఎండిన వాక్కాయ ముల్లు చెప్పులోంచి, సైకిలు టైరులోంచి దిగబడుతుంది. మేకలు, కోడిపిల్లలు ఉన్న ఇళ్లలో ఆ కొమ్మలు వృథా కావు. కొత్తగా పెట్టిన వంగ, టమాట మొక్కల చుట్టూ పేర్చితే మంచి రక్షణ. ఈ సందర్భంలో కోతుల సంగతి కూడా చెప్పాలి. వాక్కాయ కంచె పశువులను, మేకలను, అడవి పందులను ఆపగలదు. గోడ మీద, చెట్ల మీద నుంచి వచ్చే కోతులను ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఎరువు, పురుగు

ఏటా మృగశిర కార్తెలో మొదలు చుట్టూ అడుగున్నర దూరంలో గాడి తీసి, పది కిలోల పెంట, అర కిలో వేపపిండి వేసి మట్టి కప్పితే సరిపోతుంది. యూరియా వేయడం వల్ల ఆకే పెరుగుతుంది.

ఈ పొదకు పెద్ద పురుగు బాధ లేదు. ఎండాకాలంలో లేత చివరలకు పిండినల్లి, పేనుబంక పట్టవచ్చు. మొదట గట్టి నీటిధారతో కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం వేళ ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. పూత మీద ఉన్నప్పుడు ఏ మందూ కొట్టకూడదు, కాయ కట్టించేది ఆ పూల మీద వాలే తేనెటీగల్లాంటి కీటకాలే. ఎడతెగని వానలకు ఆకుల మీద, కాయల మీద గోధుమరంగు మచ్చలు వస్తే అవి ఉన్న చివరలను, రాలిన కాయలను ఏరి కాల్చివేయాలి.

నేల లేనివారు ఇరవై లీటర్లకు తగ్గని తొట్టిలో, అడుగున పెద్ద రంధ్రాలు పెట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు పెంట, ఒక పాలు ఇసుకతో నింపి పెంచుకోవచ్చు. మేడ మీది తొట్టికి మే నెలలో రోజు విడిచి రోజు నీళ్లు తప్పవు. కాయ కిలో దాటడం అరుదు.

కోత, వంటింటి పని

నిలదొక్కుకున్న పొద 3 నుంచి 5 కిలోల దాకా ఇస్తుంది. అన్నీ ఒకేసారి ముదరవు కాబట్టి నాలుగైదు విడతలుగా కోయాలి. పప్పుకు, తొక్కుకు కావలసింది గట్టిగా ఉండి, ఒక చెంప గులాబీ రంగు తిరిగిన కాయ. పచ్చిగా తినడానికి నలుపు తిరిగి, నొక్కితే మెత్తబడే దాకా ఆగాలి, అయితే అప్పటికి పిట్టలు కూడా కనిపెడతాయి, మూడు నాలుగు రోజులకు మించి నిలవ ఉండదు. మురబ్బాకు, జామ్‌కు ఈ రెండింటి నడుమ దశ మేలు. అప్పుడు కాయలో పెక్టిన్ ఎక్కువగా ఉండి, పాకం తనంతట తానే గట్టిపడుతుంది. బేకరీల్లో కేకుల మీద చెర్రీ పేరుతో పెట్టే ఎర్రని పండ్లలో చాలావరకు పాకంలో నానబెట్టి, రంగు వేసిన వాక్కాయలే.

కోసేముందు చేతులకు నూనె రాసుకుంటే పాలు అంటుకోవు. కాయలను ఉప్పునీటిలో కాసేపు ఉంచి, కడిగి, నిలువునా చీల్చి, గింజలు తీసివేయాలి, వాటి వల్ల వగరు వస్తుంది. పప్పు చేసేటప్పుడు వాక్కాయలను కందిపప్పుతో కలిపి ఉడికించకూడదు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. ముందు పప్పు పూర్తిగా ఉడకనిచ్చి, తాలింపులో పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలతో వాక్కాయ ముక్కలను మగ్గించి అప్పుడు కలపాలి. గ్లాసు కందిపప్పుకు పది పన్నెండు కాయలు చాలు. రోట్లో దంచిన తొక్కు జొన్నరొట్టెలోకి బాగుంటుంది. అల్యూమినియం గిన్నెల్లో మాత్రం వండవద్దు, స్టీలు గానీ మట్టిపాత్ర గానీ వాడాలి.

మొక్కలు పెంచి ఇరుగుపొరుగుకు పంచాలనుకునేవారు, ఆ వంటకు వాడిన కాయల గింజలను దాచవద్దు. అవి పచ్చివి, మొలవవు. పొద మీదే నల్లబడిన పండ్లను వేరుగా ఏరి, గింజలు కడిగి, నీడలో ఒక్క రోజు ఆరబెట్టి, ఆ వారంలోనే అర అంగుళం లోతున సంచుల్లో విత్తాలి. వాక్కాయ గింజ ఎక్కువ కాలం నిలవ ఉంటే మొలక శక్తి పోతుంది. శ్రావణంలో విత్తిన గింజ మరుసటి మృగశిరకు నాటే మొక్క అవుతుంది.